నెత్తురు చెప్పే మాట

మన భాషలో నెత్తురుకు చాకిరీ ఎక్కువ. కోపం వస్తే ఉడికేది అదే, భయం వేస్తే మొహంలోంచి ఇంకిపోయేదీ అదే. అన్నదమ్ముల తగవు తీర్చాలన్నా పెద్దలు రక్తసంబంధాన్నే సాక్ష్యానికి పిలుస్తారు. నెత్తురు పేరు మీద మనం ఇన్ని మాటలు చెప్పుకున్నాం గాని, అది తనంతట తాను చెప్పే మాట వినడానికి మనిషికి చాలాకాలం పట్టింది. ఊపిరితిత్తుల్లో కాన్సరు పుడితే నెత్తురు ఏం చెబుతుందో తెలుసుకోవడానికైతే వందేళ్ళు దాటింది. ఆ కథలో మన తెలుగువారొకరు ఒకటికి రెండుసార్లు ఎదురవుతారు. అందుకే ఈ నాలుగు మాటలూ.

ముందు మన ఊళ్ళ సంగతి చూద్దాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మొన్నమొన్నటిదాకా వరంగల్ జిల్లాలో ఉన్నవే. 2016 దసరానాడు వేరుపడి మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. అటు అడవుల్లో ఎండాకాలం తునికాకు కోస్తారు. ఆ ఆకే బీడీ అవుతుంది. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు. ఇక వంటింట్లోకి తొంగిచూస్తే, కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డ అవ్వలు ప్రతి ఊళ్ళోనూ కనబడతారు. ఈ జబ్బుకు మొదటి ముద్దాయి పొగాకు. అందులో సందేహం లేదు. అయితే కట్టెల పొగ మీద కూడా శాస్త్రజ్ఞులకు గట్టి అనుమానమే ఉంది. బయటి గాలి కాలుష్యాన్నయితే 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సరు విభాగం కారణాల జాబితాలోనే చేర్చింది.

దగ్గు పట్టుకుంటే ఊళ్ళో ఏమంటారు? "దమ్ము" అంటారు, కాకపోతే "టీ.బీ." అంటారు. మన దేశంలో టీ.బీ. ఎక్కువే కనక ఆ అనుమానం కాదనలేం. చిక్కల్లా ఎక్స్‌రేలో రెండు జబ్బులూ ఒక్కోసారి ఒకేలా కనబడటంలో ఉంది. నెలల తరబడి టీ.బీ. మందులు మింగాక గాని అసలు సంగతి బయటపడని వారు ఎంతోమంది. ఆడవాళ్ళ విషయంలో ఇంకో అడ్డంకి కూడా ఉంది. "ఆమె చుట్ట ముట్టలేదు, బీడీ ముట్టలేదు, ఆమెకెందుకు వస్తుంది?" అని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేస్తారు.

ఊపిరితిత్తి పక్కటెముకల చాటున దాగి ఉంటుంది. అక్కణ్ణించి ముక్క తీయాలంటే సూది గుచ్చాలి, లేదా గొట్టం దించాలి. అదేదో చేతి నరంలోంచి తీసిన నెత్తుట్లో దొరికితే ఎంత హాయి! ఆ ఆశ ఈనాటిది కాదు. 1869లో ఆస్ట్రేలియాలో ఆష్‌వర్త్ అనే వైద్యుడు, కాన్సరుతో చనిపోయిన ఒక రోగి నెత్తుటిని సూక్ష్మదర్శినిలో చూసి, గడ్డలో ఉన్నలాంటి కణాలే అందులోనూ ఉన్నాయని రాశాడు. తర్వాత 1948లో ఫ్రాన్సు దేశంలో మాండెల్, మెటే అనే ఇద్దరు, కణాల బయట కూడా నెత్తుట్లో డీ.ఎన్.ఏ. తేలుతూ ఉంటుందని కనిపెట్టారు. పాపం, ఎవరూ పట్టించుకోలేదు.

ఆ 1948 ఆగస్టులోనే న్యూయార్కులో మన యల్లాప్రగడ సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరిని జబ్బులు పొట్టన పెట్టుకున్నాయి. అందులో ఒకరిది స్ప్రూ అనే పేగుల జబ్బు. ఆయనకూ అదే వచ్చి, అదృష్టం బాగుండి బతికారు. 1923లో అమెరికా వెళ్ళినాయన మళ్ళీ ఇల్లు చూడలేదు. ఇక్కడ భార్య శేషగిరమ్మ మిగిలిపోయింది. ఆవిడ నిరీక్షణ ఎంత పొడుగో కొలిచే యంత్రం ఇంకా రాలేదు గాని, నెత్తుట్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని మటుకు 1925లో ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి ఆయన లోకానికిచ్చారు. మందు కలిపితే నీలిరంగు వస్తుంది. ఆ నీలం చిక్కదనాన్ని బట్టి భాస్వరం లెక్క. వైద్య విద్యార్థులు తరతరాలుగా నేర్చుకున్న పద్ధతి అది. నెత్తుటి చేత మాట్లాడించిన తొలి తెలుగువారని అనుకోవచ్చు కదూ!

తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది. ఈ మాత్ర మనకు కొత్తది కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఇనుముతో కలిపి నర్సమ్మ చేతిలో పెట్టేది ఇదే. ఆయన ఇంటిని గుల్లచేసిన స్ప్రూ జబ్బుకూ ఇది మందయింది. ఫోలిక్ ఆసిడ్ లేనిదే కణాలు పెరగవు. అయితే కాన్సరు కణాలకు అది అందకుండా చేస్తే? అలా అక్కడే పుట్టింది దాని విరుగుడు, అమినోప్టెరిన్. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కాన్సరు పిల్లలకిచ్చి, కొందరికి కొంతకాలమైనా ఊరట కలిగిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. రెండు నెలలకే సుబ్బారావుగారు పోయారు.

ఆ వంశంలోదే పెమిట్రెక్సెడ్ అనే మందు. 2004 నుంచి అమెరికాలో ఊపిరితిత్తుల కాన్సరుకు వాడుతున్నారు. ఇప్పుడు మన దగ్గరా వాడతారు. దాన్ని మొదట్లో పరీక్షించిన రోజుల్లో కొందరు రోగులు మందు దెబ్బకే విలవిల్లాడారు. ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. ఎవరికి అలా అవుతుందో ముందే తెలిసేదెలా? జవాబు నెత్తుట్లో దొరికింది. ఒంట్లో ఫోలిక్ ఆసిడ్, బీ12 చాలకపోతే నెత్తుట్లో హోమోసిస్టీన్ అనే పదార్థం పోగవుతుంది. అది ఎక్కువున్న వాళ్ళనే మందు ఎక్కువ బాధించిందని తేలింది. 1999 చివరినుంచి రోగులందరికీ ముందుగా ఆ రెండు విటమిన్లూ ఇవ్వడం మొదలుపెట్టారు. ప్రమాదం బాగా తగ్గింది, మందు పని చెడలేదు. చూశారా విచిత్రం! ఫోలిక్ ఆసిడ్‌తో పోట్లాడే మందుకు ఫోలిక్ ఆసిడే కాపలా.

సరిగ్గా ఆ 2004లోనే ఇంకో సంగతి బయటపడింది. జెఫిటినిబ్ అనే మాత్ర కొందరికి అద్భుతంగా పనిచేస్తోంది, చాలామందికి అసలు పనిచేయడం లేదు. బాగుపడిన వాళ్ళలో ఆడవాళ్ళు, ఆసియా వాళ్ళు, పొగ తాగనివాళ్ళు ఎక్కువ. వాళ్ళ గడ్డల్లో ఈ.జీ.ఎఫ్.ఆర్. అనే జన్యువు మారి ఉందట. మన దేశంలో ఈ కాన్సరులో ప్రధాన రకం వచ్చిన వాళ్ళలో నలుగురికి ఒకరు, అటూ ఇటూగా, ఇలాంటివారే. "చుట్ట ముట్టని మనిషికెందుకొస్తుంది" అన్న తీర్పు ఎంత తప్పో ఇప్పుడు తెలిసింది కదా! రావడమూ నిజం, వారిలో చాలామందికి మాత్రతో మేలు జరగడమూ నిజం.

ఆ మార్పు చూడాలంటే మళ్ళీ ముక్క తీయాల్సిందేనా? ఇక్కడ 1948 నాటి ఆ మరచిపోయిన సంగతి అక్కరకొచ్చింది. గడ్డ తన డీ.ఎన్.ఏ. తునకల్ని నెత్తుట్లోకి వదులుతూ ఉంటుంది. ఈ మాట చదివిన హాంకాంగ్ వైద్యుడు డెన్నిస్ లో, అలాగైతే కడుపులో బిడ్డ డీ.ఎన్.ఏ. తల్లి నెత్తుట్లో ఉండదా అని వెతికి, 1997లో కనిపెట్టాడు కూడా. చివరికి 2016 జూన్‌లో అమెరికా ప్రభుత్వం, ఊపిరితిత్తుల కాన్సరు రోగి నెత్తుట్లో ఈ.జీ.ఎఫ్.ఆర్. మార్పును పట్టే పరీక్షకు అనుమతిచ్చింది. మన మూడు ఊళ్ళూ జిల్లా కేంద్రాలైన ఏడే అది.

అలాగని నెత్తురే అన్నీ చెప్పేస్తుందనుకునేరు! సీ.ఈ.ఏ. అనే మాంసకృత్తును 1965లో కెనడాలో కనిపెట్టినప్పుడు కాన్సరు ఇక దొరికిపోయిందని సంబరపడ్డారు. తీరా చూస్తే అది కాన్సరు లేకపోయినా పొగ తాగే వాళ్ళలో పెరుగుతుంది, కాన్సరున్నా కొందరిలో పెరగదు. చికిత్స ఎలా సాగుతోందో చూడటానికి పనికొస్తుంది గాని, జబ్బును తేల్చడానికి కాదు. జన్యు పరీక్ష కూడా అంతే: నెత్తుట్లో దొరికితే నమ్మొచ్చు, దొరకకపోతే లేదని కాదు, ముక్క తీసి చూడాల్సిందే. కాబట్టి ఇన్ని వందలకు ఇన్ని కాన్సరు పరీక్షలు అని ప్రకటన చూసి చెయ్యి చాపకండి.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వరంగల్ ఎం.జీ.ఎం. ఉంది, హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి ఉంది. ఇవన్నీ ఉన్నా మొదటి అడుగు వంటింటి గడప దాటడమే. రెండు వారాలకు మించిన దగ్గుకు కళ్ళె పరీక్ష, ఎక్స్‌రే చేయించాలి. కళ్ళెలో టీ.బీ. పురుగు కనబడకుండానే మందులు మొదలై, గుణం కనిపించకపోతే "స్కాను తీద్దామా డాక్టరుగారూ?" అని అడగాలి. అడగడం మర్యాద తప్పడం కాదు. కోడలికి ఫోలిక్ ఆసిడ్ మాత్ర ఇవ్వడానికి ఆశా కార్యకర్త గుమ్మంలోకొచ్చినప్పుడు, వెనక వంటింట్లో దగ్గుతున్న అత్తమ్మను కూడా ముందుకు పిలవండి.