జలియన్‌వాలా బాగు పాఠము

బాల్యమున నేర్చిన పాఠములలో పెక్కింటిని కాలము చెరిపివేయును. కొన్ని మాత్రము చెరగవు. నాకట్టిది జలియన్‌వాలా బాగు పాఠము.

మా ఎనిమిదవ తరగతి చరిత్ర పుస్తకమున దానికి దక్కినది ఒక్క పేరా. 1919 ఏప్రిల్ 13న అమృతసరములో జనరల్ డయ్యర్ కాల్పులు జరిపించెననియు, 379 మంది మరణించిరనియు అందుండెను. పరీక్షలో ఖాళీ పూరింపుమనగా ఆ సంఖ్య వ్రాసి ఒక మార్కు సంపాదించితిని. కాగితములు తిరిగి ఇచ్చుచు మాస్టరుగారు, "జవాబు సరిగానే రాశావురా. ఆ లెక్క ఎవరు కట్టారో తెలుసా?" అని అడిగిరి. నాకు తెలియదు. అంతట వారు పుస్తకము మూసి కథ చెప్పిరి.

విచారణ లేకయే నిర్బంధింప వీలు కల్పించిన రౌలట్ శాసనము 1919 మార్చిలో వచ్చెను. దానిని ప్రతిఘటించిన డాక్టర్ సత్యపాల్, డాక్టర్ కిచ్లూలను ఏప్రిల్ 10న ప్రభుత్వము అమృతసరము నుండి పంపివేసెను. వారిని విడువుడని కోరవచ్చిన జనులపై కాల్పులు జరిగెను. ఆగ్రహించిన గుంపులు బ్యాంకులు తగులబెట్టి, ఐదుగురు ఐరోపావారిని చంపెను. మూడు దినములకు వైశాఖి పండుగ. పండుగకై వచ్చిన పల్లెవాసులలో అనేకులకు సభలు నిషిద్ధములన్న సంగతియే తెలియదు.

ఆ తోటకు నలువైపుల ఇండ్ల గోడలు. వెలుపలికి పోవుటకు కొన్ని ఇరుకు దారులు మాత్రమే. సాయంకాలమున డయ్యర్ 50 మంది తుపాకి సిపాయిలతో ప్రవేశించి, హెచ్చరికయైన లేక కాల్పింప నారంభించెను. సుమారు పది నిమిషములలో 1650 గుండ్లు పేలెను. దారి ఇరుకు గాకున్నచో మరతుపాకులను సైతము వాడియుందునని అతడే పిమ్మట హంటర్ సంఘము నెదుట చెప్పెను.

ఇంతవరకు చెప్పి మాస్టరుగారు గడియారము చూచి, "ఇప్పుడు పది నిమిషాలు ఎవరూ మాట్లాడకండి" అనిరి. రెండవ నిమిషమున ఎవరో నవ్విరి. ఐదవ నిమిషమునకు కాలు కదపు చప్పుడైన లేదు. పదియు ముగియునప్పటికి మాలో కొందరు తలలు వంచుకొని కూర్చుండిరి.

పిదప వారు మొదటి ప్రశ్నకు వచ్చిరి. మృతుల వివరములు తెలుపుడని అధికారులు ప్రజలను కోరినది మూడు మాసములు గడచిన పిమ్మట. ఆలోపల సైనిక శాసనము క్రింద కొరడా దెబ్బలు, ఒక వీధిలో పొట్టపై ప్రాకించు శిక్ష జనులు చూచిరి. కుమారుడు చనిపోయెనని చెప్పుట, అతడు నిషిద్ధ సభకు పోయెనని ఒప్పుకొనుటయే. భయపడి నోరు విప్పని ఇండ్లు ఎన్నియో! కాంగ్రెసు విచారణలో మృతుల అంచనా దాదాపు 1000.

"కనుక 379 అంటే చచ్చిపోయినవాళ్ల లెక్క కాదురా, చెప్పగలిగినవాళ్ల లెక్క" అనిరి మాస్టరుగారు.

1961 ఏప్రిల్ 13న ఆ తోటలోని స్మారకమును రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు ఆవిష్కరించిరి. గుండ్లు తగిలిన గోడలు అచట నిలిచియున్నవి. మన పిల్లలు నేటికిని ఆ సంఖ్యను వల్లించుచున్నారు. వల్లించునపుడు, ఆ లెక్క ఎవరు కట్టిరని తల్లిదండ్రులు ఒక్కమారు అడిగినచో, తన బిడ్డ పేరు చెప్పుకొనలేకపోయిన ఆనాటి తల్లి సైతము వారి పాఠములో చోటు పొందును.