చేపల పులుసు (నెల్లూరు పద్ధతి)

నెల్లూరు సీమలో ఇంటింటా వండే పుల్లని చేపల కూర. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న నాయుడుపేట 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరినా, అక్కడి వంటిళ్లలో పులుసు నెల్లూరు పద్ధతిదే.

తయారీ: కొరమేను, బొచ్చె వంటి చేప ముక్కలకు ఉప్పు, పసుపు పట్టిస్తారు. మట్టి దాకలో నూనె కాచి ఆవాలు, మెంతులు, కరివేపాకు, ఉల్లిపాయలు వేయించి, కారం, ధనియాల పొడి వేసి, చింతపండు పులుసు పోసి మరిగిస్తారు. చిక్కబడ్డాక చేప ముక్కలు, పుల్ల మామిడికాయ ముక్కలు వేస్తారు. ఇక గరిటె పెట్టరు; ముక్క చిదరకుండా దాకనే గుడ్డతో పట్టుకుని తిప్పుతారు.

వడ్డన: రాత్రి వండి మర్నాడు తింటే ముక్కకు పులుపు, కారం బాగా పట్టి రుచి పెరుగుతుంది. అన్నంలోకే కాక ఇడ్లీ, దోశల్లోకీ వడ్డిస్తారు. పాళ్లు ఇంటింటికీ మారతాయి. పెద్దవాళ్ల చేతివాటం చూసి పిల్లలు నేర్చుకుంటారు.