తెరమీద తెలుగు పుస్తకం



కోలారు వైపు తెలుగిళ్ళలో ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. తాతగారి చేతిలో సెల్‌ఫోను, అందులో ఎవరో పంపిన పాత తెలుగు పుస్తకం. అక్షరాలు ఆనక ఆయన పేజీని రెండు వేళ్ళతో పెద్దది చేస్తారు. వాక్యం చివర తెర దాటిపోతుంది. ఇవతలికి లాగితే మొదటి మాట మాయమవుతుంది. పక్కన మనుమరాలు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో నేర్చినది కన్నడం. "ఏముంది తాతా అందులో?" అంటుంది. పిల్లకు భాష వచ్చు, లిపి రాదు. అందుకని ఆయనే చదివి చెప్పాలి.

ఆ ఫోనులో ఉన్నది పిడిఎఫ్ అనే రకం ఫైలు. దాని కథ తెలిస్తే తాతగారి అవస్థకు కారణం తెలుస్తుంది. 1991లో అమెరికాలోని అడోబీ సంస్థలో జాన్ వార్నాక్ అనే ఆయన "కేమెలాట్" అన్న పేరుతో ఒక ఆలోచన కాగితం మీద పెట్టారు. ఒక కంప్యూటరులో తయారైన పత్రం ఏ కంప్యూటరులో తెరిచినా, ఏ ప్రింటరు మీద అచ్చువేసినా పొల్లుపోకుండా ఒకేలా ఉండాలన్నది ఆయన కోరిక. 1993లో అది పిడిఎఫ్‌గా బయటికి వచ్చింది. 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. గమనించండి, దాని చూపంతా కాగితం మీదే. పేజీ కదలకూడదు, పంక్తి విరగకూడదు. అరచేతిలో పట్టే తెరమీద నవల చదువుకోవడం అప్పటివారి లెక్కలో లేదు.

అయినా తెలుగుకు అది చేసిన మేలు చిన్నది కాదు. 1990ల చివర మన పత్రికలు ఇంటర్నెట్టుకు ఎక్కినప్పుడు ఎవరి ఫాంటు వారిది. ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు గుడింతాల ముక్కలు కూర్చి పెట్టేవారు. ఆ ఫాంటు మీ దగ్గర లేకపోతే తెలుగు బదులు అర్థం లేని గుర్తులు కనిపించేవి. పిడిఎఫ్ తన ఫాంటును తన కడుపులోనే మోసుకొస్తుంది. అందువల్ల హైదరాబాదులో కూర్చిన పేజీ షోలాపురంలోనూ, హోసూరులోనూ, బరంపురంలోనూ అలాగే కనిపించింది.

రెండో మేలు పాత పుస్తకాలది. 2000 తర్వాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ముందుండి నడిపిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలకొద్దీ తెలుగు పుస్తకాలు బొమ్మలుగా ఎక్కాయి. ఆ పథకానికి పెద్ద దన్నుగా నిలిచిన రాజ్ రెడ్డిగారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవారు. తర్వాత ఆ సైటు నిలిచిపోయినా, వాటిలో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవులో పిడిఎఫ్‌లుగా దొరుకుతున్నాయి. మద్రాసులో వావిళ్ళవారు అచ్చువేసిన కావ్యాన్ని అందులో తెరిచి చూడండి. అరసున్న ఎక్కడుందో అక్కడే ఉంటుంది, బండి ఱ కూడా ఉంటుంది. కొత్తగా టైపు చేసేవారు వీటిని తరచు వదిలేస్తారు. బ్రౌను దొర పండితుల చేత తాటాకు ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్పించినది ఇలాంటి తేడాల కోసమే. పాఠం మీద అనుమానం వస్తే చూసుకోవడానికి పేజీ బొమ్మను మించిన సాక్ష్యం లేదు.

అయితే స్కాను చేసిన పేజీ కంప్యూటరుకు ఒక ఫొటో మాత్రమే. అందులో "క" ఉందని దానికి తెలియదు. మీరు ఒక పద్యం కోసం వెతికితే దొరకదు. చూపు లేనివారికి పుస్తకాన్ని చదివి వినిపించే సాధనం ఆ పేజీ ముందు మూగబోతుంది. బరువు కూడా చూడండి. రెండు వందల పేజీల పుస్తకం బొమ్మలుగా ముప్పై, నలభై మెగాబైట్లు ఉండడం మామూలు. అదే పాఠం యూనికోడ్ అక్షరాల్లో ఒక్క మెగాబైటు లోపో, కాస్త అటో ఇటో. పాత ఫాంటుతో చేసిన పిడిఎఫ్‌ది మరో చిక్కు. కంటికి చక్కని తెలుగు కనిపిస్తుంది, ఒక వాక్యం తీసి వేరేచోట పెడితే పిచ్చిగీతలు వస్తాయి.

రాష్ట్రం వెలుపలి మనకు ఇంకో నష్టం ఉంది. దాని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. 1991లో భారత ప్రమాణంగా వచ్చిన ఇస్కీ అనే సంకేత పట్టికలో మన భాషలన్నిటి అక్షరాలకూ ఒకే వరస ఇచ్చారు. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ కూడా ఆ బాటనే నడిచింది. అందులో తెలుగు "క"కు సరిగ్గా 128 గళ్ళ అవతల కన్నడ "క" ఉంటుంది. "ఖ"కూ అంతే, "గ"కూ అంతే. కాబట్టి పాఠం అక్షరాలుగా ఉంటే కంప్యూటరు దాన్ని క్షణంలో కన్నడ లిపిలోకి మార్చగలదు. భాష తెలుగే, లిపి మాత్రం కన్నడం. ఆ మనుమరాలు తనంతట తాను చదువుకోగలదు. తమిళ లిపితో కొంచెం ఇబ్బందే, క, ఖ, గ, ఘ నాలుగింటికీ వారికి ఒకే అక్షరం. ఒడియాలో హ్రస్వమైన ఎ, ఒలకు చోటు లేదు. అయినా చదివే పిల్లకు ఇంటి భాష చెవిలో ఉంది గనుక సర్దుకుంటుంది. యానాం వారికి ఈ బాధ లేదు, అక్కడ బడిలోనే తెలుగు ఉంది. పేజీ బొమ్మను మాత్రం ఏ లిపిలోకీ ఇలా మార్చలేం. ముందు ఎవరో దాన్ని అక్షరాలుగా చేయాలి.

ఆ పని యంత్రం కొంత చేస్తుంది. మాసిన అచ్చులో దానికి "వ" ఏదో "ప" ఏదో తెలియక "వాడు" కాస్తా "పాడు" అవుతుంది. అందుకే తెలుగు వికీసోర్సులో ఒక పక్క పేజీ బొమ్మ, ఒక పక్క పాఠం పెట్టుకొని మనుషులు దిద్దుతున్నారు. నాకు నచ్చిన పద్ధతి ఇదే. సాక్ష్యమూ ఉంటుంది, చదవడానికి పాఠమూ ఉంటుంది.

మీ ఊరి తెలుగు సంఘం ఉగాదికి ప్రత్యేక సంచిక వేస్తుందనుకోండి. ప్రెస్సువారు చివరికి ఒక పిడిఎఫ్ చేతిలో పెడతారు. దానితోపాటు యూనికోడు పాఠం కూడా ఇమ్మని పని అప్పగించేటప్పుడే చెప్పండి. ఏడాది తిరిగాక అడిగితే, అది కూర్చిన కుర్రవాడూ ఉండడు, ఆ కంప్యూటరూ ఉండదు.