హాడో
హాడో అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురంలోని తీరప్రాంతం. ఈ నగరాన్ని 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనేవారు. ఇది దక్షిణ అండమాన్ జిల్లాలో ఉంది.

భౌగోళికం: హాడో పక్కనే చాతం ద్వీపం ఉంది, రెండింటినీ వంతెన కలుపుతుంది. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి వచ్చే ప్రయాణికుల ఓడలు హాడో రేవులో ఆగుతాయి.

చరిత్ర: 1857 తిరుగుబాటు తరువాత, 1858లో బ్రిటిషువారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలసను నెలకొల్పారు. చాతంలో రంపపు మిల్లు 1883లో మొదలైంది.

జనాభా: 2011 జనగణన ప్రకారం దీవుల మొత్తం జనాభా 3,80,581. వారిలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం ప్రాంతం నుంచి, బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో ఎక్కువ.