నియర్: పునఃక్రీడయందలి గూఢకథ

జపాను దేశపు కావియా సంస్థ నిర్మింపఁగా స్క్వేర్ ఎనిక్స్ వారు 2010 ఏప్రిల్‌లో విడుదల చేసిన వీడియో గేము 'నియర్'. దర్శకుఁడు యోకో తారో. షేడ్లు అను ఛాయారూప ప్రాణులను సంహరించుచు, అపహృతయైన యోనాను వెదకుట ఇందలి ప్రకటకథ. యోనా ఒక కూర్పున నాయకునికి చెల్లెలు, మఱియొక కూర్పునఁ గూఁతురు.

ఆటను ముగించి మరల నారంభించినవానికిఁ గథ నడుమనున్న ఐదేండ్ల విరామము పిదపటి భాగమునుండియే మొదలగును. శత్రువులు వారే, పోరాటములు నవియే, ఆయుధములును వెనుకటివే. అయినను తొలుత నర్థరహిత ఘోషగా వినవచ్చిన షేడ్ల పలుకులిప్పుడు సుబోధములగుటచే, వీరకృత్యమని తలఁచినది హత్యగాఁ గానవచ్చును. పాడుపడిన కర్మాగారమున మొదటిసారి యడ్డుపడిన యంత్రము భయంకర శత్రువు మాత్రమే; రెండవసారి యది, తల్లిని గోల్పోయిన కలీల్ అను పసి షేడును భుజమున నిడికొని, వెలుపలి లోకమును జూడఁగోరిన నేస్తము. మీట నొక్కు చేయి యిచటఁ దడఁబడకుండుట యరుదు.

సహచరి కైనే పూర్వకథ కేవలము తెరపై నక్షరములుగానే నడచును: ఊరివారి వెలివేఁత, పెంచిన అవ్వ మరణము, దేహమున నివసించు టైరన్ అను షేడు. చిత్రములకంటె నీ పుటలే బలవత్తరములని చెప్పవచ్చును.

తుది ముగింపులకు ఆయుధములన్నియు సేకరింపవలయును. ఇది కొంత విసుగు పుట్టించు పని. నాలుగవ ముగింపున నాయకుఁడు తన యస్తిత్వమునే త్యజించును. దానితో క్రీడాకారుఁడు భద్రపఱచుకొన్న సేవ్ ఫైళ్లన్నియుఁ జెఱిపివేయఁబడును. 2021 నాటి నూతన కూర్పున, అటుపిమ్మట మరల నాడినవారికై, ఐదవ ముగింపు చేర్పఁబడినది.