పేరు పిలిచే చోటు

ఉదయం పది దాటింది. జగదాంబ సెంటర్లో బస్సు దిగి సూర్యబాగ్ వైపు నడుస్తున్నారు మీరు. సముద్రం కనబడదు గానీ దాని ఉక్క అప్పుడే చొక్కాని వీపుకి అంటించేసింది. జిల్లా కోర్టు గేటు దగ్గరికి వచ్చేసరికి రోడ్డంతా నలుపూ తెలుపూ. ఎండాకాలం కింది కోర్టుల్లో నల్లకోటు వేసుకోనక్కర్లేదని బార్ కౌన్సిల్ సడలింపు ఉంది. అయినా సీనియర్లు కొందరు కోటు చేతిమీద వేలాడేసుకుని నడుస్తున్నారు. వాళ్ల వెనకాల ప్లీడరు గుమస్తాలు, చంకల్లో కేసు కట్టలు.

గోడవార స్టాంపు వెండర్లు, నోటరీ బల్లలు, జిరాక్సు మిషన్లు. ఒక టైపిస్టు వకాల్తా ఫారం మిషన్లోకి ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే పక్కనున్నాయన్ని అడుగుతున్నాడు: "తండ్రి పేరు? కాపురం ఎక్కడ? వయసు ఎంతని రాయమంటారు?" ఊళ్లో ఇంకే ఆఫీసు ముందు చూసినా జనం అర్జీలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఇక్కడ మాత్రం ప్రతి మనిషికీ ఒక నంబరుంది, ఒక వాయిదా ఉంది, ఎదుట ఒక పక్షం ఉంది. తనమీద కేసు పెట్టినవాడు కలెక్టరైనా సరే, కంపెనీ అయినా సరే, వాడి పేరు తన పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో, గోడమీది లిస్టులో ఉంటుంది.

లోపలికి రండి. వరండాలో బెంచీలు ఎప్పుడో నిండిపోయాయి. భీమిలి వైపునుంచి వచ్చిన ఒక పెద్దమ్మ గోడకి చేరబడి, కొంగులో మూటకట్టిన కాగితాలు పట్టుకు కూర్చుంది. అన్నదమ్ముల భూమి పంపకం దావా. మెడకి తెల్లపట్టీ కట్టుకున్న కుర్ర ప్లీడరుని ఆపి అడుగుతోంది.

"మా పేరు పిలిచీసినారేటి బాబూ?"

"ఇంకా పిలవనేదమ్మా. నువ్వలా కూకో. నాను సెప్తాను కదా."

ఆమె పక్కన గాజువాక అవతల నుంచి వచ్చిన రైతు. భూసేకరణలో పోయిన పొలానికి ఇచ్చిన సొమ్ము చాలదని తండ్రి వేసిన కేసు, ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. ఈ ఊళ్లో పెద్ద పెద్దవి, ఉక్కు కర్మాగారమూ నౌకాదళ స్థావరమూ, ఎవరో ఒకరి పొలాల మీద లేచినవే. 1894 నాటి భూసేకరణ చట్టంలో పద్దెనిమిదో సెక్షన్ ఒకటుండేది. కలెక్టరు కట్టిన ధర నచ్చనివాడు ఒప్పుకోనని రాసిచ్చి, విషయం సివిల్ కోర్టుకి పంపమని అడగొచ్చు. పొలం మాత్రం తిరిగి రాదు. కానీ ఆ పొలం విలువెంతో తేల్చే మాట సర్కారు నోటినుంచి జడ్జి నోటికి మారుతుంది. 2014 జనవరి నుంచి ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చింది. పాత కేసులు మాత్రం వారసుల చేతుల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

పదిన్నర. తెల్లబట్టలు, అడ్డపట్టీ వేసుకున్న డఫేదారు తలుపు తోసుకుని ముందొచ్చాడు. కోర్టుహాల్లో అందరూ లేచి నిలబడ్డారు, మీరూ లేచారు. జడ్జిగారు నమస్కరించి కూర్చున్నాక బెంచి గుమస్తా నంబర్లు చదవడం మొదలుపెట్టాడు. కాల్‌వర్కు. నిమిషంలో రెండు కేసులు, మూడు కేసులు. "కౌంటరుకి టైము." "సాక్షి రాలేదండి." "వాయిదా." చెక్కు చెల్లని కేసులు, యాక్సిడెంటు నష్టపరిహారాలు, ఇంటి అద్దె తగాదాలు.

అంతలో బంట్రోతు వరండాలోకి వెళ్లి గొంతెత్తాడు. ఇంటిపేరుతో సహా, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆ కేక ఆవరణ చివరిదాకా వినిపించింది. పెద్దమ్మ ఉలిక్కిపడి లేచింది. మూట సర్దుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి వచ్చింది. కోర్టుకి చెప్పులు విప్పనక్కర్లేదని ఎవరో చెప్పబోయారు. ఆమె వినిపించుకోలేదు.

బోనులో నిలబెట్టి ప్రమాణం చేయించారు. అవతలి ప్లీడరు క్రాసు మొదలైంది. ఫలానా కళ్లం మీ మామగారి స్వార్జితమా, పిత్రార్జితమా? ఆమెకి ఆ మాటలు అర్థం కాలేదు. జడ్జిగారు కాస్త ముందుకు వంగి అడిగారు: "అమ్మా, ఆ కళ్లం మీ మామగారు కొన్నారా, వాళ్ల నాన్నగారి నుంచి వచ్చిందా?" "కొన్నది కాదు బాబూ. పూర్వం నుంచీ ఉన్నాదే." అందరూ ఆగారు. స్టెనో వేళ్లు కదిలాయి. ఆమె తన యాసలో అన్న మాట కోర్టు రికార్డులోకి ఇంగ్లీషు వాక్యమై వెళ్లింది. చివర్లో అంతా ఆమెకి తెలుగులో చదివి వినిపించారు. విని సరేనని ఒప్పుకుని వేలిముద్ర వేసింది. ఆమె అన్న మాట ఇంకెవరూ మార్చలేరు. మార్చాలంటే ఆమెను మళ్లీ పిలిచి, మళ్లీ అడగాలి.

మిమ్మల్ని ఎవరూ ఎందుకొచ్చారని అడగలేదు చూశారా? అడగరు. కోర్టు విచారణ బహిరంగంగా జరగాలని సివిల్ ప్రొసీజరు కోడూ చెబుతుంది, క్రిమినల్ చట్టమూ చెబుతుంది. కొన్ని సున్నితమైన కేసులు తప్ప, ఖాళీ ఉన్నంతవరకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. అమెరికా మధ్య రాష్ట్రాల చిన్న పట్టణాల్లో కౌంటీ కోర్టుని ఊరి నడిబొడ్డున, చుట్టూ పచ్చిక వేసి, పైన గడియారం పెట్టి కడతారు. అది మా ఇల్లు అన్నట్టు జనం చూడ్డానికి వెళతారు. మన దగ్గర కోర్టుని అలా చూడ్డం అలవాటు కాలేదు. కోర్టుమెట్లు ఎక్కామంటే ఏదో కీడు జరిగిందనే మన లెక్క.

ఆ భయానికి కారణాలు లేకపోలేదు. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతినీ జిల్లా కోర్టులనూ ఒకే ఏడాది రెగ్యులేషన్లతో తెచ్చింది. అంటే విశాఖపట్నం జిల్లాలో కోర్టూ, శిస్తు బాకీకి ఎస్టేటు వేలమూ కవలల్లా పుట్టాయి. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1794 జులై 10న, పద్మనాభం దగ్గర విజయనగరం రాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయాడు. కత్తితో తేలిన శిస్తు లెక్కలు ఆ తర్వాత జప్తు కాగితాలతో తేలడం మొదలైంది.

ఇదే ఊరి కోర్టుల్లో ప్లీడరీ చేసిన కథారచయిత రాచకొండ విశ్వనాథశాస్త్రి ఆ భయాన్ని లోపలినుంచి చూశారు. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులవి. సారా కేసుల్లో పట్టుబడి వచ్చే బీదాబిక్కీ జనం, పోలీసులు, సాక్షులు, ప్లీడర్లు ఆయన "ఆరు సారా కథలు"లోకి వచ్చారు. "మాయ" కథలో సారా కేసులో పట్టుబడ్డ ముత్యాలమ్మ కుర్ర ప్లీడరుకి లోకం నడిచే తీరు చెబుతుంది. బోనులో నిలబడ్డవాళ్లకి కూడా చెప్పాల్సింది ఉంటుందని, అది కోర్టు రికార్డుకి ఎక్కదని ఆయన పట్టుకున్నారు. శాస్త్రిగారు కోర్టుని వదిలి వెళ్లలేదు. బీదవాళ్ల తరఫున అక్కడే నిలబడ్డారు.

ఇప్పుడు బయటికొచ్చి మహారాణిపేట వైపు నడుద్దాం. కేజీహెచ్ ఆసుపత్రి దాపున కలెక్టరాఫీసు. ఇదీ ఒక కోర్టే. కొండల్లో ఉన్నవాళ్లకి ఒకప్పుడు అసలు కోర్టు ఇదే.

1830ల మొదట్లో పాలకొండ, పర్లాకిమిడి ప్రాంతాల్లో తిరుగుబాట్లు లేచాయి. వాటిని అణచడానికి వచ్చిన కమిషనరు జార్జి రసెల్, మన్యం జమీందారీల్లో మామూలు కోర్టుల పద్ధతి పనికిరాదని రాశాడు. దాని ఫలితమే 1839 నాటి ఇరవైనాలుగో చట్టం. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలన్నీ మామూలు కోర్టుల పరిధి నుంచి బయటికి పోయాయి. కలెక్టరే గవర్నరు ఏజెంటు. సివిలూ క్రిమినలూ ఆయనే. ఇక్కడి నుంచి కొండలకేసి చూడండి. ఘాట్ రోడ్డు ఎక్కేచోట ఒక గీత గీసినట్టే అయింది. కింద జడ్జి, పైన ఏజెంటు. పట్టుకునేవాడూ తీర్పు చెప్పేవాడూ అక్కడ ఒకే సర్కారు.

1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్‌స్టేషన్ల మీద వరసగా మూడురోజులు దాడిచేసిన అల్లూరి సీతారామరాజు, అంతకుముందే మన్యంలో మరో పని చేశాడు. తగాదాలు తెల్లవాళ్ల కచేరీలకి తీసుకెళ్లొద్దు, పంచాయతీల్లో తీర్చుకోండని ఊరూరా చెప్పాడు. తమ మాట వినని కోర్టుని కొండ జనం వద్దనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచే లోక్‌సభకి ఎన్నికయ్యాడు. శిక్ష వేసిన రాజ్యం పోయి, చట్టం చేసే సభలో ఆయన కూర్చున్నాడు.

ఘాట్ రోడ్డు దగ్గరి ఆ గీత చెరగడానికి ఇంకా నలభై అయిదేళ్లు పట్టింది. గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకూడదని 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది, 1970లో దాన్ని మరింత బిగించారు. అయినా అనంతగిరి మండలం బొర్రా గుహల చుట్టుపక్కల గనులను సర్కారే ప్రైవేటు కంపెనీలకి లీజుకిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల మెజారిటీతో తీర్పు చెప్పింది: ఆ రెగ్యులేషన్ కింద సర్కారు కూడా ఒక "వ్యక్తే", గిరిజన ప్రాంతంలో గిరిజనేతరులకి లీజు ఇచ్చే హక్కు దానికీ లేదు, ఆ లీజులు చెల్లవు. 1839లో కోర్టు గుమ్మం అవతల నిలబెట్టిన కొండల కేసు ఇప్పుడు దేశమంతటి లా కాలేజీల్లో చదువుతున్నారు. సర్కారు తానే బోనులో నిలబడి జవాబు చెప్పిన రోజది.

ఆ మాటల్లోనే కేజీహెచ్ డౌన్ దిగుదాం. సందులు ఇరుకవుతూ వన్‌టౌన్ వచ్చేసింది. టౌన్‌హాలు, క్వీన్ మేరీ బడి, పాత పోస్టాఫీసు. ఎండుచేపల వాసన, లారీల హారన్లు. రాస్‌హిల్ మెట్లెక్కండి. ఆయాసం తీరేసరికి కింద హార్బరు చానెల్, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933 అక్టోబరులో మొదటి ఓడ "జలదుర్గ" ఈ దారినే రేవులోకి వచ్చింది.

1984 ఏప్రిల్‌లో ఇదే దారిన "ఎం.వి.ఎలిజబెత్" అనే విదేశీ ఓడ వచ్చింది. అంతకు రెండు నెలల ముందు గోవాలో మార్మగోవా రేవు నుంచి సరుకు ఎక్కించుకుని, ఆ సరుకుకి ఇవ్వాల్సిన కాగితాలు ఇవ్వకుండా వెళ్లిపోయిందని సరుకు పంపిన కంపెనీ ఆరోపణ. ఓడ విశాఖ రేవుకి చేరిందని తెలియగానే ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకెళ్లి ఆర్డరు తెచ్చారు. ఓడని అరెస్టు చేశారు. ఇటువంటి ఆర్డరు పడితే ఎంత పెద్ద నౌక అయినా రేవు దాటి కదలకూడదు. చివరికి ఓడకీ జామీనే దారి అయింది. బ్యాంకు గ్యారంటీ కట్టి విడిపించుకున్నారు.

ఓడ యజమానుల వాదన గట్టిదే. బ్రిటిష్‌వాళ్లు ఇచ్చిన సముద్ర వ్యవహారాల అధికారం పాత ఇంగ్లండు చట్టం గీసిన హద్దుల్లోనే ఉంటుంది, ఇక్కడి రేవు నుంచి బయటికి వెళ్లే సరుకుకి అది వర్తించదని అన్నారు. 1992 ఫిబ్రవరి 26న సుప్రీంకోర్టు చెప్పింది: హైకోర్టు అధికారం ఇంగ్లండు పెట్టిన హద్దుల దగ్గర ఆగదు. ఈ దేశపు రేవులోకి వచ్చిన ఓడ ఈ దేశపు కోర్టుకి జవాబు చెప్పాలి. తర్వాత పాత వలస చట్టాలన్నీ పోయి 2017లో కొత్త అడ్మిరాల్టీ చట్టం వచ్చింది. దానికి దారి వేసిన తీర్పుల్లో పెద్దది, మీ కాళ్ల కింద ఉన్న ఈ నీళ్లలో ఆగిన ఓడదే.

కొండ మీద నిలబడి చూస్తే ఒక ఊరు చాలు, కోర్టు చేయి ఎంతదాకా సాగుతుందో తెలియడానికి. ఒకవైపు కొండలు, వాటిని చేరడానికి నూట యాభై ఏళ్లు పైగా పట్టింది. మరోవైపు సముద్రం, అది చేరడానికి సుప్రీంకోర్టు దాకా నడవాల్సొచ్చింది. మధ్యలో సూర్యబాగ్ వరండా, కొంగులో కాగితాలతో పెద్దమ్మ. ఆ చేయి తనంతట తాను పొడుగు కాలేదు. ఓడినా మళ్లీ కాగితం పట్టుకుని వచ్చిన జనం దాన్ని లాగి లాగి ఇంతదాకా తెచ్చారు.

ఇంత చరిత్ర మోస్తున్న పాత కోర్టుల్ని కాపాడాలంటే గోడలకి సున్నం కొట్టడం ఒక్కటే చాలదు. రికార్డు గదుల్లో గడువు తీరిన కట్టల్ని తీసేసే ముందు, ఊరి చరిత్ర ఉన్నవాటిని ఏరి భద్రం చేయాలి. వరండాల్లో కూర్చోడానికి బెంచీ, తాగడానికి నీళ్లు ఉండాలి. జడ్జి అడిగిన మాట సాక్షికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ఇవన్నీ అడగాల్సింది మనమే. అడగాలంటే ముందు లోపలికి వెళ్లి చూడాలి. అందుకని పనేమీ లేని ఒక పనిదినాన, మీ ఊరి జూనియర్ సివిల్ జడ్జి కోర్టయినా సరే, అనకాపల్లి, చోడవరం, భీమిలి ఎక్కడైనా సరే, కాలేజీ చదివే పిల్లల్ని వెంటబెట్టుకుని పదిన్నరకల్లా వెళ్లండి. వెనక బెంచీలో కూర్చోండి. ఫోను ఆపేయండి. ముక్కూమొహం తెలియని మనిషి పేరు మూడుసార్లు పిలవడం, ఆ మనిషి వచ్చి తన మాట తాను చెప్పుకోవడం చూడండి. ఆ బెంచీ మనదేనని పిల్లలకి చెప్పండి.