వ్రేలిముద్రలు నేర్పు పాఠము

క్రొత్త పద్ధతి యొకచోట ఫలించినంతమాత్రమున రాజ్యమంతటను వ్యాపించునని మనము భ్రమపడరాదు. ఇందుకు వ్రేలిముద్రల చరిత్రయే నిదర్శనము.

1858లో వంగదేశమునందలి జంగీపురమున విలియం హెర్షెల్ అను దొర యొక గుత్తదారుని యొడంబడికపత్రము వెనుక అరచేతి ముద్ర వేయించెను. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా నున్నప్పుడు పింఛనుదారులకును, దస్తావేజులు రిజిస్టరు చేయించువారికిని, ఖైదీలకును వ్రేలిముద్రలను విధించెను. చనిపోయినవారి పేర పింఛను పుచ్చుకొనుటకుగాని, వ్రాసియిచ్చిన పత్రము తనది కాదనుటకుగాని వీలు తగ్గెను. తక్కిన చెరసాలలయందును దీనిని పరీక్షింపుడని చెరసాలల పైయధికారికి వ్రాసెను, ఆమోదము లభింపలేదు. మరుసటి యేట నాయన స్వదేశమునకు మరలగా హుగ్లీలోనే యా యాచారము సన్నగిల్లెను.

అధికారులను నిందించుట సులభము. కాని వేలకొలది ముద్రలలో కావలసినదానిని వెదకి తీయుట యెట్లు? హెర్షెల్ పద్ధతిలో నిందుకు సమాధానము లేకుండెను. ఆ లోపమును తీర్చినది వంగదేశపు పోలీసు ఇన్‌స్పెక్టరు జనరలగు ఎడ్వర్డ్ హెన్రీయొద్ద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసుల కృషి. పదివ్రేళ్ల రేఖల తీరునుబట్టి ముద్రల కాగితములను 1024 అరలలో పంచు క్రమ మేర్పడెను. 1897లో భారతప్రభుత్వము, అంతవరకు నడచిన దేహపు కొలతల పద్ధతికి బదులుగా, దీనిని స్వీకరించెను. 1901లో లండను పోలీసులును గ్రహించిరి. పద్ధతికి మాత్రము హెన్రీ పేరొక్కటియే నిలిచినది.

ఉత్సాహవంతుడగు నధికారి వెడలిపోయినను సామాన్యపు గుమాస్తా నడపగలిగినప్పుడే సంస్కారము స్థిరపడునని మా యభిప్రాయము. క్రొత్తదానిని కనిపెట్టినవారితోపాటు దానిని కచేరీ పనికి అనువుగా మలచినవారిని గూడ మనము స్మరింపవలెను.